జె. ఆర్. డి. టాటా : వెలుగుతో పందెము

ఎండకాలపు రాత్రులలో నిమ్మనపల్లెవంటి పల్లెటూళ్లయందు ఆరుబయట మంచము వేసికొని పండుకొన్నవారికి చుక్కల నడుమ మెల్లగా కదలిపోవు దీపములు కనబడుట కలదు. ఒక కొనను ఎఱ్ఱని దీపము, మఱియొక కొనను పచ్చని దీపము, నడుమ నుండి నుండి తళుక్కుమను దీపము మఱియొకటి. అది విమానము. మదనపల్లె, పుంగనూరు, కుప్పము సీమలకు బెంగుళూరు సమీపమున నున్నది గనుక అచ్చటికి పోవునవియు, అచ్చటినుండి వచ్చునవియు నగు విమానములు ఆ ప్రాంతపు బాలబాలికలకు క్రొత్తవి కావు. కొంతసేపటికి ఆ విమానము కటికచీకటిలో నేలకు దిగును. లోపలనున్న ప్రయాణికులలో కొందఱు నిద్రనుండి మేల్కొననైన మేల్కొనరు.

కాని ఒకప్పుడు మన దేశమున సూర్యుడు గుంకెనా, విమానమునకు ఆనాటి ప్రయాణము ముగిసినట్లే. మరల తెల్లవాఱువఱకు అది కదలుటకు వీలులేదు. అట్టి కాలమున ప్రొద్దుతో పందెము వేసికొని ఉత్తరముల సంచులను దేశము ఈ కొసనుండి ఆ కొసకు మోసికొనిపోయిన సాహసికుడు ఒకడుండెను. ఆయన జహంగీరు రతన్‌జీ దాదాభాయి టాటా. లోకము ఆయనను జె. ఆర్. డి. టాటా యని పిలిచినది. మన భారతదేశమున విమానయానమునకు పునాది వేసినవారిలో ఆయన అగ్రగణ్యుడు.

జె. ఆర్. డి. 1904వ సంవత్సరము జూలై 29వ తేదీన ఫ్రాన్సుదేశపు రాజధానియగు పారిసునగరమున జన్మించెను. తండ్రి రతన్‌జీ దాదాభాయి టాటా, జంషెడ్జీ టాటాకు దగ్గఱి బంధువు, ఆయన వ్యాపారమున సహాయుడు. తల్లి సుజాన్ బ్రియేర్ ఫ్రెంచివనిత. బాలుని చిన్ననాడు కొంతకాలము ఫ్రాన్సునను, కొంతకాలము బొంబాయియందును గడచెను. వేసవి సెలవులలో ఆ కుటుంబము ఫ్రాన్సుదేశపు ఉత్తరతీరమునందలి హార్డెలో అను గ్రామమునకు పోవుచుండెను. అచ్చటనే లూయీ బ్లేరియోకును ఒక ఇల్లుండెను. ఇంగ్లీషుకాలువను విమానముతో మొట్టమొదట దాటిన వీరుడు ఈ బ్లేరియోయే. ఆ ఘనకార్యము జరిగినది 1909వ సంవత్సరమున.

హార్డెలో ఇసుకతీరమున అప్పుడప్పుడు విమానములు దిగుచుండెను. వానిని చూచిన బాలుని మనస్సు రెక్కలు కట్టుకొని ఎగిరిపోయెను. పదునైదేండ్ల ప్రాయమున ఆయనకు ఒకసారి విమానమెక్కి గాలిలో తిరుగు అవకాశము లభించెను. ఎప్పటికైనను తాను స్వయముగా విమానము నడపవలెనని నాడే ఆయన నిశ్చయించుకొనెను. ఆ కోరిక తీఱుటకు మఱి పదేండ్లు పట్టినది.

ఈ నడుమ ఆయన జీవితమున కష్టములు పెక్కు వచ్చినవి. 1923లో తల్లి మరణించెను. ఫ్రెంచిపౌరుడగుటచేత ఆ దేశపు సైన్యమున ఒక సంవత్సరము పనిచేయవలసి వచ్చెను. పిమ్మట ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు చదువవలెనని ఆయన ఎంతయో ఆశపడెను. కాని తండ్రి స్వదేశమునకు రమ్మని పిలిచెను. 1925వ సంవత్సరాంతమున ఆయన బొంబాయికి వచ్చి టాటాల కార్యాలయమున జీతములేని ఉమేదువారుగా చేరెను. మఱుసటి సంవత్సరమే తండ్రియు గతించెను. ఇరువదిరెండేండ్ల ఆ యువకునిపై కుటుంబభారమంతయు పడెను. విశ్వవిద్యాలయమున చదువు దక్కలేదను కొఱత ఆయనకు జీవితాంతము ఉండెను. ఆ కొఱతను తీర్చుకొనుటకు ఆయన పనివేళలు గడచిన పిమ్మట పుస్తకములు ముందువేసికొని తనంతట తానే చదువుకొనెడివాడు.

బొంబాయిలో విమానము నడుపుట నేర్పు సంఘము వెలసినదని తెలిసినంతనే ఆయన అందు చేరెను. కొలది గంటల శిక్షణము ముగియకముందే ఒంటరిగా విమానము నడుపగలిగెను. 1929వ సంవత్సరము ఫిబ్రవరి 10వ తేదీన ఆయనకు విమానము నడుపు అనుమతిపత్రము లభించినది. మన దేశమున ఈయబడిన అట్టి పత్రములలో దాని సంఖ్య ఒకటి. తనకు దొరకిన బిరుదులన్నిటికంటె ఆ చిన్న నీలిరంగు పుస్తకమునే ఆయన మిన్నగా భావించెడివాడని చెప్పుదురు.

ఆ దినములలోనే ఆగాఖాను ఒక పందెము ప్రకటించెను. ఇంగ్లండునుండి హిందూదేశమునకు గాని, ఇచ్చటినుండి అచ్చటికి గాని, గడువులోపల ఒంటరిగా విమానము నడుపు మొదటి భారతీయునకు 500 పౌన్లు బహుమతి. 1930లో జె. ఆర్. డి. కరాచీనుండి బయలుదేఱెను. ఆస్పీ ఇంజనీరు అను మఱియొక పార్సీయువకుడు ఇంగ్లండునుండి బయలుదేఱి ఎదురుగా వచ్చుచుండెను. ఇరువురును ఈజిప్టుదేశమున అబూకిరు అనుచోట కలిసికొనిరి. ఆస్పీ విమానమునకు స్పార్కుప్లగ్గులు చెడిపోయి, క్రొత్తవి వచ్చువఱకు అతడు అచ్చట చిక్కుపడియుండెను. జె. ఆర్. డి. తనయొద్ద మిగులుగానున్న ప్లగ్గులను అతనికిచ్చి తన దారిని తాను సాగిపోయెను. తుదకు కొలది గంటల తేడాతో ఆస్పీ గెలిచెను, జె. ఆర్. డి. ఓడెను. ప్లగ్గులు ఈయకున్నచో పందెము తనదేయై యుండును. ఐనను ఆయన ఎన్నడును దానికి వగవలేదు. ఆ ఆస్పీ ఇంజనీరే తరువాత భారత వైమానికదళమునకు అధిపతి యయ్యెను.

ఆ కాలమున లండనునుండి వచ్చు విమానతపాలా కరాచీతో ఆగిపోవుచుండెను. అచ్చటినుండి ఉత్తరములు రైలుపై బొంబాయికిని, మద్రాసునకును పోవలెను. ఆకాశమున వేయిమైళ్లు శీఘ్రముగా వచ్చిన ఉత్తరము నేలపై దినములకొలది నడుచుచుండెను. నెవిల్ విన్సెంటు అను వైమానికుడు ఈ లోపమును గుర్తించి, కరాచీనుండి బొంబాయి మీదుగా మద్రాసువఱకు విమానములపై తపాలా నడుపవలెనని ఒక ఉపాయము తలపెట్టెను. దానిని జె. ఆర్. డి. కి చెప్పెను. సంస్థ పెద్దయగు దొరాబ్జీ టాటా మొదట సందేహించినను, తుదకు రెండులక్షల రూపాయలు పెట్టుబడిగా పెట్టుటకు ఒప్పుకొనెను. ప్రభుత్వముతో మాటలాడి ఒప్పందము కుదుర్చుకొనుటకు సంవత్సరములు పట్టినది. 1932లో ఆ ఒప్పందము జరిగెను.

1932వ సంవత్సరము అక్టోబరు 15వ తేదీ. సూర్యోదయవేళ కరాచీలోని డ్రిగ్‌రోడ్డు విమానస్థలమునుండి పస్‌మోత్ అను చిన్న విమానము పైకి లేచెను. దానికి ఒకటే యంత్రము. గంటకు ఇంచుమించు 100 మైళ్ల వేగము. అందు నడుపువాడు జె. ఆర్. డి. టాటా, సరకు 25 కిలోగ్రాముల ఉత్తరములు. వార్తలు తెలుపు రేడియో లేదు. దారి చూపు సాధనములు లేవు. దిగుచోట దీపములు లేవు. దిక్సూచి, పటము, కన్నులు, ధైర్యము, ఇవియే ఆయనకు తోడు. అహమ్మదాబాదున దిగినప్పుడు ఎడ్లబండిపై డబ్బాలతో తెచ్చిన పెట్రోలును విమానమునకు పోసిరి. మధ్యాహ్నమునకు ఆ విమానము బొంబాయిలోని జుహూ సముద్రతీరమున క్షేమముగా దిగెను.

అచ్చటితో పని ముగియలేదు. మద్రాసునకు పోవలసిన సంచులను విన్సెంటు మఱియొక విమానమున వేసికొని బళ్లారివైపు బయలుదేఱెను. బళ్లారి నేడు కర్ణాటకరాష్ట్రమున నున్నను, ఆనాడు మద్రాసు రాజధానిలోనిది, దత్తమండలములలో ఒకటి, తెలుగువారు విస్తారముగా నివసించు పట్టణము. బొంబాయినుండి బళ్లారికి నేరుగా కొలిచినచో 600 కిలోమీటర్లకు పైచిలుకు. పస్‌మోత్ వేగమునకు ఇంచుమించు నాలుగు గంటల ప్రయాణము. అక్టోబరుమాసమున సాయంకాలము ఆఱుగంటల ప్రాంతమున ప్రొద్దు గుంకును. మధ్యాహ్నము రెండుగంటల వేళకు బొంబాయి వదలినవానికి ఎంత సమయము మిగులునో విద్యార్థులు లెక్కించి చూడవచ్చును. వెనుకనుండి తఱుము చీకటికిని, ముందుకు సాగు విమానమునకును అది పందెమే. ఆ రాత్రి బళ్లారిలో గడపి, మఱునాడు విన్సెంటు మద్రాసు చేరెను.

పటముపై బళ్లారినుండి మద్రాసునకు ఒక సరళరేఖ గీచినచో అది అనంతపురము, రాయచోటి ప్రాంతములమీదుగా, మదనపల్లెకు ఉత్తరముగా 60 కిలోమీటర్ల దూరమున సాగును. టాటాల తొలి తపాలా విమానములకు దారి రాయలసీమ ఆకాశమే యని దీనివలన తెలియుచున్నది. తరువాతి సంవత్సరములలో హైదరాబాదునగరమును ఈ మార్గమునందు చేరినది.

ఆ రాత్రి విన్సెంటు ఎందులకు ఆగవలసివచ్చెను? ఆకాశమున చీకటి యైనంతమాత్రమున విమానము పడిపోదు గదా! ఎగురుటయందు కష్టము తక్కువ. దిగుటయందే అసలు కష్టమున్నది. విమానము నేలను తాకుటకు ముందు నడుపువాడు దాని ముక్కును కొంచెము పైకెత్తి వేగమును తగ్గింపవలెను. ఈ పని సరియైన ఎత్తున చేయవలెను. ముందుగా చేసినచో విమానము గాలిలో నిలువలేక దబ్బున క్రిందపడును. ఆలస్యము చేసినచో వేగముతో నేలను ఢీకొనును. పగటివేళ నేలపైని గడ్డి, గులకఱాళ్లు, గీతలు, చెట్లనీడలు చూచి కన్ను ఆ ఎత్తును కొలుచుకొనును. రాత్రివేళ నేల నల్లని కంబళి పఱచినట్లుండును. అది ముప్పది అడుగుల క్రింద నున్నదో, మూడు అడుగుల క్రింద నున్నదో చెప్పుట ఎంతటి నేర్పరికిని సాధ్యముకాదు.

ఈ చిక్కును విడదీయుటకు రెండు మార్గములు కనుగొనబడినవి. మొదటిది నేలపై దీపములు పెట్టుట. తొలినాళ్లలో కిరసనాయిలు పోసిన దివిటీలను వరుసగా వెలిగించి దిగుచోటును చూపెడివారు. గాలివాన వచ్చెనా, అవి ఆరిపోవును. కాలక్రమమున విద్యుద్దీపములు వచ్చినవి. నేడు విమానము దిగు బాటకు ఇరుప్రక్కల తెల్లదీపములు, మొదట పచ్చదీపములు, తుదిని ఎఱ్ఱదీపములు ఉండును. ప్రక్కదారులకు నీలిదీపములు. బాటప్రక్క నాలుగు దీపముల వరుస ఒకటి యుండును. దిగివచ్చువానికి రెండు తెల్లగను, రెండు ఎఱ్ఱగను కనబడినచో సరియైన వాలున వచ్చుచున్నాడని అర్థము. నాలుగును ఎఱ్ఱగా కనబడినచో మిక్కిలి క్రిందుగా నున్నాడు. నాలుగును తెల్లగా కనబడినచో మిక్కిలి ఎత్తుగా నున్నాడు.

రెండవది విమానమునకే దీపములు అమర్చుట. ఇందు ఒక్కొక్కదానికి ఒక్కొక్క పని. ఎడమరెక్క కొనను ఎఱ్ఱనిది, కుడిరెక్క కొనను పచ్చనిది, తోకయందు తెల్లనిది ఉండును. ఈ ఏర్పాటు ఓడలనుండి వచ్చినది. వీనిని చూచి ఎదుటి విమానము ఏవైపు పోవుచున్నదో తెలిసికొనవచ్చును. మీ కుడిచేతివైపు ఎఱ్ఱదీపము, ఎడమచేతివైపు పచ్చదీపము కనబడినచో ఆ విమానము మీకు ఎదురుగా వచ్చుచున్నదని తెలియును. మెఱయుచు ఆఱుచు నుండు దీపములు దూరమునుండియే ఇతరులను హెచ్చరించును.

వీనిలో మిక్కిలి ప్రకాశము గలవి దిగునప్పుడు వెలిగించు దీపములు. ఇవి రెక్కల మొదటనో, ముందుచక్రము కాలిపైననో అమర్చబడి ముందునకును, కొంచెము క్రిందికిని చూచుచుండును. లోపలి దర్పణము వెలుగునంతను ఒక్కచో కూర్చి బాణమువలె ముందుకు పంపును. ఆ వెలుగు బాటపై పడినంతనే నల్లని కంబళి తొలగినట్లగును. బాటపై గీసిన తెల్లగీతలు, చక్రముల రాపిడి గుర్తులు, వాననీటి తడి, అడ్డువచ్చిన జంతువు, అన్నియు కన్నులకు కట్టును. విమానము క్రిందికి దిగినకొలది వెలుగుపడిన చోటు దగ్గఱకు వచ్చుచు, స్పష్టమగుచుండును. దానినిబట్టి నడుపువాడు ఎత్తును గ్రహించి తగినవేళ ముక్కెత్తును. నేలకు దిగిన పిమ్మట మలుపులు చూపుటకు వేఱు దీపములు కలవు.

ఈ దీపములు చూచుటకే గాక చూపబడుటకును ఉపయోగించును. అందుచేతనే నేడు వైమానికులు పట్టపగలు సైతము పదివేల అడుగులకంటె క్రిందుగా వచ్చినప్పుడు వీనిని వెలిగించియుంతురు. అట్లు చేయుటచేత ఎదుటి విమానములవారికి తామున్న చోటు చక్కగా తెలియును.

అయితే వెలుగు అన్నివేళల మేలు చేయదు. హార్స్‌లీకొండకు పోవు ఘాటుదారిలో మంచు క్రమ్మినప్పుడు బస్సునడుపువాడు దీపముల చూపును క్రిందికి దించుట చూచియుందురు. పెద్దవెలుగు మంచుబిందువులపై పడి తిరిగి ఆతని కన్నులలోనికే కొట్టును. ఎదుట తెల్లనిగోడ నిలిచినట్లగును. విమానమునకును అంతే. దట్టమైన మబ్బులోను, పొగమంచులోను వైమానికుడు ఆ దీపములను ఆర్పివేసి, తన ముందున్న పరికరములపై ఆధారపడవలెను. దీపము ఎప్పుడు వెలిగింపవలెనో తెలియుట ఎంత ముఖ్యమో, ఎప్పుడు ఆర్పవలెనో తెలియుటయు అంత ముఖ్యమే.

1932లో జె. ఆర్. డి. కి ఈ వసతులు లేవు. ఐనను ఆయనయు, ఆయన సహచరులును గడియారము తప్పకుండ తపాలా నడపిరి. జుహూతీరము వర్షకాలమున బురదగుంటయై పోవుచుండెను. అప్పుడు మకామును పూనాకు మార్చుకొనిరి. మొదటి సంవత్సరమున వారి విమానములు 1,60,000 మైళ్లు తిరిగి, 155 మంది ప్రయాణికులను, పది టన్నులకు పైగా తపాలాను మోసినవి. కాలనియమమును పాటించుటలో నూటికి నూఱుపాళ్లు వారు నెగ్గిరి. ప్రభుత్వశాఖవారు దీనిని మెచ్చుకొని ఇతరులకు ఆదర్శముగా చూపిరి.

1938లో, ముప్పదినాలుగేండ్లకే, జె. ఆర్. డి. టాటాసంస్థల కంతటికిని అధ్యక్షుడయ్యెను. అటుపై అర్ధశతాబ్దికి మించి ఆ పదవిని నిర్వహించెను. ఉక్కు, విద్యుత్తు, వాహనములు, రసాయనములు, వైద్యము, విజ్ఞానశాస్త్రము మున్నగు రంగములలో ఆయన కాలమున సంస్థలు పెరిగినవి. ఐనను ఆయన హృదయము ఆకాశముననే యుండెను. మిత్రుడగు విన్సెంటు 1942లో యుద్ధకాలమున విమానములో పోవుచు సముద్రముమీద అదృశ్యుడయ్యెను. ఆ దుఃఖమును దిగమ్రింగి ఆయన తాము కలిసి ప్రారంభించిన పనిని ముందునకు నడిపెను. 1946లో ఆ విమానసంస్థ ఎయిరిండియా యయ్యెను. 1948 జూను 8వ తేదీన మలబారుప్రిన్సెస్ అను దాని విమానము బొంబాయినుండి కైరో, జెనీవాల మీదుగా లండనునకు పయనమయ్యెను. స్వతంత్రభారతపు విమానము లండనునకు తపాలాను, ప్రయాణికులను కొనిపోవుట అదియే ఆరంభము.

ఆ దినములలోనే ఆయనకు ఒక కఠినపరీక్ష వచ్చెను. నాటి కేంద్రమంత్రి రఫీ అహమ్మద్ కిద్వాయి రాత్రివేళ విమానములపై తపాలా నడుపవలెనని సంకల్పించెను. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరములనుండి నాలుగు విమానములు రాత్రి బయలుదేఱి నడుమనున్న నాగపూరున కలిసి, సంచులు మార్చుకొని, తెల్లవాఱునప్పటికి తిరిగి తమ తమ నగరములు చేరవలెను. సాయంకాలము మద్రాసున వేసిన ఉత్తరము మఱునాడు ఢిల్లీలో అందును. ప్రజలకు ఎంతయో ఉపకారము. కాని జె. ఆర్. డి. దీనికి సమ్మతింపలేదు. ఒక యంత్రముగల విమానమున ఏ సాధనమును లేక ఎగిరిన ఆ సాహసికుడే వలదనెను. రాత్రి దిగుటకు తగిన దీపములును, ఇతర వసతులును విమానాశ్రయములలో చాలినన్ని లేవు. తగిన ఏర్పాట్లు లేక సిబ్బంది ప్రాణములను పణముగా ఒడ్డరాదు. ఇది ఆయన వాదము.

మంత్రికిని ఆయనకును వాదము పెరిగినది, పత్రికలకును ఎక్కినది. పని ఇతర సంస్థల చేతికి పోయెను. 1949లో రాత్రి తపాలా ప్రారంభమయ్యెను. అది రెండు దశాబ్దములకు పైగా నడిచి దేశమునకు గొప్ప సేవ చేసెను. అట్లని అది అపాయములేక నడిచినదని అనుటకు వీలులేదు. 1953 డిసెంబరున నాగపూరునుండి అర్ధరాత్రి మద్రాసునకు లేచిన తపాలా విమానము యంత్రదోషమువలన చీకటిలో కూలి పదుమువ్వురు మరణించిరి. మంత్రి ఆశ వ్యర్థము కాలేదు, జె. ఆర్. డి. భయమును నిరాధారము కాలేదు. ప్రజల అవసరము ఒకవైపు, నడుపువారి ప్రాణములు మఱియొకవైపు నున్నప్పుడు నిర్ణయించుట ఎంత కష్టమో ఈ సంఘటనవలన తెలియుచున్నది. తన ప్రాణమును ఒడ్డుటకు వెనుదీయనివాడు పరుల ప్రాణముల విషయమున అంత జాగరూకత వహించుట గమనింపదగినది.

1953లో ప్రభుత్వము విమానసంస్థలను జాతీయము చేసెను. జె. ఆర్. డి. కి అది ఇష్టము లేదు. ఐనను ఎయిరిండియా అధ్యక్షుడుగా ఉండుమని కోరగా కాదనక, 1978వఱకు ఆ బాధ్యతను వహించెను. తన విమానములలో ప్రయాణము చేయునప్పుడు ప్రతి చిన్న విషయమును పరిశీలించి వ్రాసికొనెడివాడు. తెరలరంగు, తేనీటి రుచి, దీపముల వెలుగు, ఏదియు ఆయన దృష్టిని తప్పించుకొనలేదు. మాసిన బల్ల కనబడినచో ఒకరిని పిలువక తానే గుడ్డ తీసికొని తుడిచెడివాడు.

ఆయన పదవీకాలమున దుర్ఘటనలును జరిగినవి. 1978 జనవరి 1వ తేదీ రాత్రి బొంబాయినుండి లేచిన పెద్దవిమానమొకటి కొలదినిమిషములలో అరేబియా సముద్రమున పడిపోయి, అందున్న 213 మందియు మరణించిరి. విమానము ఎటు ఒరిగినదో చూపు పరికరము తప్పు చూపినది. వెలుపల చూచి సరిదిద్దుకొందమన్నచో, చీకటిలో సముద్రమునకును ఆకాశమునకును నడుమ గీత కనబడలేదు. విమానపు దీపములు దగ్గఱి నేలను చూపగలవే గాని, దూరపు దిగంతమును చూపజాలవు. ఏ సాధనమునకైనను ఒక హద్దు కలదనియు, దానిని ఎఱుగుటయే నేర్పరితనమనియు ఇట్టి సంఘటనలు వైమానికులకు నేర్పినవి. అదే సంవత్సరము ఫిబ్రవరిమాసమున అప్పటి ప్రభుత్వము జె. ఆర్. డి. ని అధ్యక్షపదవినుండి తొలగించెను. దాదాపు అర్ధశతాబ్దము పెంచిన సంస్థను ఆ విధముగా వదలవలసివచ్చుట ఆయనకు తీవ్రమైన బాధ కలిగించినది. కాని ఆకాశముపైని ప్రేమ మాత్రము తగ్గలేదు.

1982వ సంవత్సరము అక్టోబరు 15వ తేదీన, తొలి తపాలాప్రయాణమునకు ఏబది యేండ్లు నిండిన దినమున, డెబ్బదియెనిమిదేండ్ల ఆ వృద్ధుడు ఒక పాతకాలపు మోత్‌విమానమున కరాచీనుండి బొంబాయికి మరల ఒంటరిగా నడపివచ్చెను. అప్పటికి విమానాశ్రయములలో వేలకొలది దీపములు వెలసినవి. ఐనను ఆయన కోరినది పాతదారినే. యువకుల హృదయములలో సాహసమును మేల్కొలుపుటయే తన ఉద్దేశమని ఆయన తెలిపెను.

1992లో భారతప్రభుత్వము ఆయనకు భారతరత్న బిరుదమును సమర్పించినది. 1993వ సంవత్సరము నవంబరు 29వ తేదీన జె. ఆర్. డి. జెనీవానగరమున పరమపదించెను. తాను పుట్టిన పారిసుననే ఆయన సమాధి కలదు. ఆయన స్థాపించిన ఎయిరిండియా 2022 జనవరిలో మరల టాటాలకే చేరినది.

నిమ్మనపల్లె ఆకాశమున రాత్రివేళ సాగిపోవు ఎఱ్ఱపచ్చదీపములను చూచునప్పుడు, దీపములేని దినములలో ప్రొద్దుతో పందెము వేసినవానిని ఒకసారి తలచుకొనుడు. సాహసమనగా చీకటిలో కన్నులు మూసికొని దుముకుట కాదు. వెలుగున్నంతవఱకు ముందుకు సాగుట, వెలుగు చాలనిచోట ఆగుట, ఇతరులకొఱకు వెలుగును సమకూర్చుట, ఈ మూడును కూడినదే నిజమైన సాహసము. జె. ఆర్. డి. టాటా జీవితము అట్టి సాహసమునకు నిదర్శనము.